వెనక గోడ లేని గుడారం

సముద్రం ఒడ్డు, రోడ్డుకి కుడిపక్క ఇసుకలో
(ఏ ఊరని అడక్కు, మీ మరిదికే తెలియదు)
శుక్రవారం

అక్కా,

నేను బతికే ఉన్నాను. నిన్న మధ్యాహ్నం నువ్వు భోజనం చేసి కొట్టుకి తిరిగొచ్చేసరికి సగం కోసిన కాన్వాసూ, దానిమీద నోరు తెరుచుకున్న కత్తెరా, కింద నా చెప్పులూ కనపడి ఉంటాయి. నన్నెవరో ఎత్తుకుపోయారని అనుకుని ఉంటావు. ఎత్తుకుపోయింది మీ మరిదే.

ఆయన వ్యాను తెచ్చి గుమ్మం ముందు ఆపి, "ఎక్కు, ఒక టెంటు కూడా పడెయ్" అన్నారు. ఎవరో టెంటు కోసం తొందరపడుతున్నారు కాబోలనుకుని, చేతికి దగ్గరగా ఉన్నది లాగి మడతపెట్టి ఎక్కాను. నాలుగు వీధులు దాటాక "ఎవరికండీ ఈ టెంటు?" అని అడిగితే "మనకే" అన్నారు. "ఎక్కడికి వెళ్తున్నాం?" అంటే "సముద్రానికి". "ఎందుకు?" అంటే "అటు రోడ్డు ఖాళీగా ఉంది". ముప్పై ఏళ్ళపాటు డ్రైవింగ్ స్కూల్లో ప్రతివాడికీ 'ఎక్కడికో తెలియకుండా తాళం తిప్పకూడదు' అని మొదటి పాఠం చెప్పిన మాస్టారక్కా ఈయన!

ఇంక నా గొప్ప విను. సాయంత్రం ఇసుకలో టెంటు వేశాం. ముందు నుంచి చూస్తే రాజభవనం. జిప్పు, దోమతెర, రెండు కిటికీలు, పైన మన కొట్టు పేరు. లోపలికి వెళ్ళి కూర్చుని వెనక్కి తిరిగితే ఏముంది? రోడ్డు. బారెడు రోడ్డు, దాని మీద బస్సు, బస్సునిండా జనం, అందరూ నన్నే చూస్తున్నారు. నేనేమో జుట్టు విరబోసుకుని బన్ను తింటున్నాను.

గుర్తొచ్చిందా? అది గుమ్మం పక్కన గోడకి ఆనించి నిలబెట్టే షో టెంటు. గోడవైపు ఎవరు చూస్తారు, గుడ్డ దండగ అని ఆరేళ్ళ కిందట వెనక భాగం లేకుండా కోసింది నేనే. 'చూశావా అక్కా, ఎంత మిగిల్చానో' అని ఆ రోజంతా నీ చుట్టూ తిరిగి చెప్పుకున్నదీ నేనే. ఆ మిగిలిన గుడ్డతో మిషన్లకి ముసుగులు కుట్టాం. ఇప్పుడు అక్కడ మిషన్లు వెచ్చగా ఉన్నాయి, ఇక్కడ మేము చలికి వణుకుతున్నాం.

మీ మరిది మాత్రం బయటికి వెళ్ళినప్పుడల్లా ముందు జిప్పు జాగ్రత్తగా వేసి వెళ్తున్నారు. దొంగలు వస్తారట.

నా ఫోను సముద్రంలో పడిపోయింది. పీతని దగ్గరగా ఫొటో తీద్దామని వంగాను. పీత బాగానే ఉంది. ఆయన ఫోను ఇంట్లోనే మర్చిపోయారట. ఉన్నా ఏం లాభం, నీకు ఫోనులో ఒక్క ముక్కా వినపడదు కదా. అందుకే పాత పద్ధతి. నువ్వు రాస్తే ముందున్న ఓడరేవు ఊరి పోస్టాఫీసుకి రాయి. అక్కడ ఉంచుతారు, మేం వెళ్ళి తీసుకుంటాం.

రెండు రోజుల్లో వచ్చేస్తాను. పడవలవాళ్ళ పన్నెండు టార్పాలిన్ పట్టాలు ఇంకా కుట్టాలి. నీ చెయ్యి ఎలా ఉంది? పోయిన వారం సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు తంటాలు పడి దారాన్ని తిట్టావు. అది దారం తప్పు కాదని నా అనుమానం. కోప్పడకు. నేను కోసేదాన్నే కానీ కుట్టేదాన్ని కాదు. నీ కుడిచెయ్యి ఆడితేనే మన కొట్టు ఆడుతుంది. ఆ చేతికి ఏమన్నా అయితే నేను ఏమైపోతానో కూడా నాకు తెలియదు.

వెనకంతా గాలి తగులుతూ,
నీ చెల్లెలు

*

కొట్టు, కోత బల్ల
సోమవారం

ఒసేయ్ చెల్లీ,

టెంట్లు కుట్టే కొట్టులోంచి బయల్దేరి వెనక భాగం లేని టెంటు పట్టుకెళ్ళిన మనిషివి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. నీ ఉత్తరం పక్కనున్న బొత్తాల కొట్టావిడకి చదివి వినిపించాను. ఆవిడ నవ్వి నవ్వి ఎర్ర బొత్తాలు నల్ల బొత్తాల డబ్బాలో పోసేసింది. ఇప్పుడు ఏరుకుంటూ నిన్ను తిడుతోంది.

నా చేతికేం? దుక్కలా ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయేమిటని అడుగుతావేమో, పక్కన మిషను నడుస్తుంటే బల్ల అదురుతోంది. అంతే. దారం నాసిరకం. దుకాణం మార్చాలి.

రెండు రోజుల్లో వస్తానన్నావు. రాకు. పదిహేను రోజులదాకా ఈ గుమ్మం తొక్కావంటే ఊరుకోను. పడవలవాళ్ళు తొందర లేదన్నారు. నువ్వు లేకపోతే కొట్టు మునిగిపోతుందనుకుంటున్నావేమో, నిక్షేపంగా నడుస్తోంది. కొట్టు సెలవురోజు కూడా 'తాళం పడిందో లేదో' అంటూ వచ్చి తాళం లాగి చూసే మనిషివి నువ్వు. పెళ్ళయి ఇరవయ్యారేళ్ళయింది. ఆ మనిషితో వరసగా మూడు పూటలు ఎప్పుడైనా గడిపావా? మొగుడి ముఖం ఎలా ఉంటుందో కాస్త చూసుకో, బస్సులో జనం నీ ముఖం చూశారుగా.

దుప్పటి ఉంటే వెనక కట్టు. పురికొసతో కట్టకు, నీ ముడులు నిలవవు.

పళ్ళు కొరుకుతూ నవ్వుతున్న
అక్క

*

ఓడరేవు ఊరు, పోస్టాఫీసు మెట్ల మీద
గురువారం

అక్కా,

దుప్పటి కట్టాను. పురికొసతోనే. నువ్వు చెప్పినట్టే ముడి నిలవలేదు. తెల్లవారి కళ్ళు తెరిచేసరికి దుప్పటి లేదు, దాని స్థానంలో మేక ఉంది. మా బన్నుల సంచిలో తల పెట్టి ఉంది. నేను అరిచిన అరుపుకి మీ మరిది లేచి, కంగారులో ముందువైపు జిప్పు తీయడానికి పావుగంట పెనుగులాడారు, మేకని బయటికి పంపడానికి! మేకకే బుద్ధి ఉంది. వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

బండి ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ఆయన పక్క సీట్లో కూర్చుని కుడికాలు నేలకేసి తొక్కుతూ ఉంటారు. స్కూలు బండిలో మాస్టారికి వేరే బ్రేకు ఉంటుంది కదా, ఇందులో లేదు. అయినా ప్రతి మలుపులో తొక్కుతారు. అక్కడ చాపకి చిల్లు పడింది. "నన్ను నమ్మరా?" అన్నాను. "నిన్ను నమ్ముతాను, కాలు నమ్మదు" అన్నారు.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. ఆయన ప్రతి ఊళ్ళోనూ పోస్టాఫీసుకి ఒంటరిగా వెళ్తున్నారు. నన్ను బండిలో కూర్చోమని, జుట్టు దువ్వుకుని మరీ వెళ్తారు. వచ్చేటప్పుడు జేబు తడుముకుంటూ వస్తారు. నిన్న "జేబులో ఏమిటండీ?" అంటే "ఏం లేదే! నేనేం దాచలేదే! దాచానని నీకెవరు చెప్పారు?" అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి వారం రోజులుగా ఏదో నానబెడుతున్నారు.

ఇంకేముంది, నా బుర్ర ఊరుకుంటుందా? ఎవరో ఉన్నారని తేల్చేసుకున్నాను. ఆ పొట్టకీ, ఆ గురకకీ ఎవరు దొరికి ఉంటారా అని ఒక పూటంతా ఆలోచించాను. తర్వాత వ్యాను అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. ఉప్పు గాలికి జుట్టు చీపురయింది, ముక్కు చర్మం ఊడుతోంది, చెవి వెనక సుద్దముక్క. చెవి వెనక సుద్దముక్క, అక్కా! కొట్టులోంచి వారం కిందట బయల్దేరినదాన్ని, రెండుసార్లు సముద్రంలో మునిగినదాన్ని, దాన్ని మళ్ళీ మళ్ళీ అక్కడే పెట్టుకుంటున్నాను. నన్ను చూసి నాకే ఆయన మీద జాలేసింది.

కానీ ఆయన నాతో బాగానే ఉన్నారు. అదీ నా కంగారు. నిన్న నీళ్ళలో వెల్లకిలా తేలడం నేర్పించారు. మాస్టారు కదా, వీపు కింద అరచెయ్యి పెట్టి "వదిలెయ్, వదిలెయ్" అంటూ ఉంటారు. వదిలేశాను. తేలాను. ఎంత నవ్వానో! నోట్లోకి సముద్రం వెళ్ళింది, అయినా నవ్వాను. నేను ఇంత సుఖంగా ఉండి ఎన్నాళ్ళయిందో. ఆ సుఖంలో ఉండగానే నువ్వు గుర్తొచ్చావు, ఒక్కదానివీ ఆ పన్నెండు పట్టాలతో.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బల్ల మరీ అంత అదురుతుందా అక్కా? ముప్పై ఏళ్ళుగా అదే బల్ల.

నిజం రాయి. రాస్తే నేను కంగారుపడను. (పడతాను. అయినా రాయి.)

అనుమానాల పుట్ట,
నీ చెల్లెలు

*

కొట్టు
మంగళవారం

చెల్లీ,

ఈ ఉత్తరం బొత్తాల కొట్టావిడ రాస్తోంది, నేను చెప్తున్నాను. నాకు చెయ్యి ఖాళీ లేదు. పని ఎక్కువగా ఉంది.

(అమ్మాయ్, నేనే రాస్తున్నాను. నా దస్తూరీ బాగుందా? అక్కయ్య బాగానే ఉంది. అంటే, చాలావరకు.)

నేను చెప్పింది మాత్రమే రాయమన్నాను, ఆవిడ వినడం లేదు. మరిది మీద అనుమానపడ్డావా? ఆ మనిషికి ఇంకో ఆడమనిషి కూడానా! ఒక్కదానితోనే తలప్రాణం తోకకొస్తోంది పాపం. జేబులో ఏముంటే నీకెందుకు? గుచ్చి గుచ్చి అడగకు. తేలడం నేర్చుకున్నావుగా, ఇంకో వారం తేలు.

ఉత్తరంతో పాటు ఒక పార్శిలు వస్తుంది. నీ టెంటుకి వెనక గోడ. కొలతలు చూడక్కర్లేదు, ఆ షో టెంటు నాకు కంఠతా వచ్చు. అంచున కన్నాలు వేశాను, తాళ్ళు పెట్టాను. మేకలు రావు. నేనే కుట్టాను.

(నిజంగా ఆవిడే కుట్టింది, నా కళ్ళారా చూశాను. వద్దు వద్దంటే వినలేదు. మూడు రోజులు పట్టింది. నాకు ఏడుపొచ్చింది కానీ ఇది రాయొద్దంది.)

ఏం రాశావు? చదువు. సరే, కొట్టెయ్. కొట్టెయ్యనంటోంది. పార్శిలు మీద పేరు మాస్టారిది పెట్టాను.

అక్క (సంతకం కూడా ఆవిడదే)

*

కొండ కింద ఇసుక, ఓడరేవు దాటాక మూడో ఊరు
శుక్రవారం

అక్కా,

పార్శిలు అందింది. ఆయన పోస్టాఫీసు నుంచి తెచ్చి, బండి వెనక దాచబోతుంటే లాక్కుని విప్పాను. గోడ సరిగ్గా సరిపోయింది. వేలెడు తేడా కూడా లేదు. తాళ్ళు కడుతూ కుట్టు చూశాను.

నీ కుట్టు నాకు తెలుసు. గీత గీసినట్టు వెళ్తుంది. ఈ కుట్టు అటూ ఇటూ తూలుతూ వెళ్ళింది. ఒకచోట మడతలోంచి జారిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి పట్టుకుంది. ఎవరో కొత్తవాళ్ళతో కుట్టించి నేనే కుట్టానని అబద్ధం చెప్పిందనుకున్నాను. కోపం కూడా వచ్చింది. అలాగే కుట్టు చివరిదాకా వెళ్ళాను. చివర మూడు పోట్లు వెనక్కి వేసి ఉన్నాయి. మూలల్లో, కన్నాల దగ్గర, ప్రతిచోటా మూడు. అందరూ రెండే వేస్తారు. మూడు వేసేది నువ్వొక్కదానివే.

మనిషివి నువ్వే, చెయ్యి నీది కాదు. ఎడమచేత్తో కుట్టావు, కదూ?

ఆయన్ని పిలిచి గోడ చూపించి "అక్క కుడిచేతికి ఏమైంది?" అన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మొత్తం కక్కేశారు. మణికట్టు దగ్గర నరం. ఆపరేషన్. చెయ్యి మళ్ళీ ఆడే అవకాశం సగం సగమే అని డాక్టరు అనడం. నన్ను ఊళ్ళోంచి తీసుకుపొమ్మని నువ్వు చెప్పడం. "ఎక్కడికని వదిన చెప్పలేదు, అందుకే ఎక్కడికని నేనూ అనుకోలేదు" అన్నారు. జేబులో నీ ఉత్తరాలు. ఫోను స్టెప్నీ టైరు కింద. నేను జన్మలో స్టెప్నీ దగ్గరికి వెళ్ళనని ఆయనకి తెలుసు.

అక్కా, నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఇసుకలో కూర్చుని ఏడ్చాను. నువ్వు ఆసుపత్రిలో ఒక్కదానివీ ఉన్నప్పుడు నేను ఇక్కడ వెల్లకిలా తేలుతూ నవ్వుతున్నాను. ఎలా పంపించబుద్ధయింది నన్ను?

ఎలాగో నాకూ తెలుసులే. నువ్వు పన్ను పీకించుకునేటప్పుడు తోడు వచ్చి, కళ్ళు తిరిగి నేనే పడిపోతే, నీ పన్ను వదిలేసి డాక్టరు నన్ను మంచమెక్కించాడు. నువ్వు నోట్లో దూది పెట్టుకుని నాకు గాలి విసిరావు. నేనక్కడ ఉంటే నిన్ను చూసుకోవడానికి ఒకరు, నన్ను చూసుకోవడానికి ఇద్దరు కావాలి.

నేనూ ఒకటి దాచాను. ఏడు నెలలుగా పొద్దున్నే నీకంటే గంట ముందు కొట్టుకి వస్తున్నాను, ఊడవడానికని చెప్పి. ఊడవడానికి కాదు. నీ కుట్లు వంకరపోయిన చోట విప్పి, నాకు వచ్చినట్టు మళ్ళీ కుట్టడానికి. ఎక్కువగా మూలలే. ఎవరైనా మాట అంటారని భయమేసింది. నిన్ను అడగడానికి ఇంకా భయమేసింది. డాక్టరు దగ్గరికి పదమని అప్పుడే అని ఉంటే ఈ నరం ఇంతదాకా వచ్చేది కాదేమో. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు రాస్తున్నాను.

వెంటనే బయల్దేరదామన్నాను. ఆయన తాళాలు నా చేతిలో పెట్టారు. "మాట ఇచ్చింది నేను, నువ్వు కాదు. నీ ఇష్టం" అని వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు. చూస్తే కాలు బ్రేకు తొక్కడం లేదు. ఆయన నీకిచ్చిన మాట చెడగొట్టి తాళం తిప్పడానికి నాకింక చెయ్యి రాలేదు.

ఇక్కడే ఉంటాను. నువ్వు రమ్మనేదాకా రాను. కానీ రమ్మను అక్కా. నీ నోటితో ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగలేదు. ఈ ఒక్కసారికి అడుగు.

నీ గోడకి వీపు ఆనించుకుని,
చెల్లెలు

*

కొట్టు
బుధవారం

చెల్లీ,

మళ్ళీ బొత్తాల కొట్టావిడే రాస్తోంది. ఈసారి మధ్యలో మాట్లాడనని ఒట్టేసింది.

మరిది నీ ఉత్తరం కంటే ముందే తప్పు ఒప్పుకుంటూ నాలుగు పేజీలు రాశాడు. మంచివాడు. పదిహేను రోజులు దాచడమే ఎక్కువ.

ఎడమచేత్తోనే కుట్టాను. మోటారు తీసేసి చక్రం చేత్తో తిప్పుతూ, గుడ్డని మోచేత్తో నెడుతూ. కట్టు విప్పాక ఈ చెయ్యి ఆడకపోతే ఆ చెయ్యైనా ఉందో లేదో చూసుకోవాలి కదా. ఒట్టి గుడ్డముక్క మీద చూసుకోవడం కంటే, వెనక గోడ లేక మేకలతో కాపురం చేస్తున్న చెల్లెలికి పనికొస్తుందని అది కుట్టాను.

నువ్వు విప్పి కుట్టిన సంగతి ఇప్పుడు కొత్తగా చెప్తున్నావా? నా కుట్టు నువ్వు గుర్తుపడితే, నీ కుట్టు నేను గుర్తుపట్టనా? నీది దగ్గర దగ్గరగా ఉంటుంది, భయస్తురాలి కుట్టు. మొదటిది చూసినరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. నా పని విప్పేంత పెద్దదైపోయిందా అనుకున్నాను. తర్వాత రోజూ పొద్దున్నే మూలలు చూసుకునేదాన్ని, నిన్న నా చెయ్యి ఎంత వంకర పోయిందో నీ కుట్టు చూసి తెలుసుకునేదాన్ని. మొదట రెండు మూలలు. తర్వాత నాలుగు. పోయిన నెల ఒక పట్టాకి నాలుగు మూలలూ, ఒక అంచు మొత్తం. ఆ అంచు చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నువ్వు నోరు విప్పి చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని కానీ వెళ్ళేదాన్ని కాదు. కాబట్టి ఆ ఏడుపు మానెయ్.

నాకూ భయమేసింది. ఆసుపత్రి మంచం మీద పడుకున్నప్పుడు నువ్వు పక్కన పడిపోయి ఉన్నా బాగుండుననిపించింది.

నిన్న కట్టు విప్పారు. వేళ్ళు కదులుతున్నాయి. డాక్టరు చిన్న బంతి ఇచ్చి పిసకమన్నాడు, పిసుకుతున్నాను. మిషను మీదికి ఎప్పుడని అడిగితే, తొందరపడొద్దు, చూద్దాం అన్నాడు.

ఒక్క షరతు. ఇకమీదట నా కుట్టు వంకర పోతే, నాకంటే ముందొచ్చి దొంగతనంగా విప్పకు. నేనుండగా, నా ఎదురుగా కూర్చుని విప్పు. తిడతాను. తిట్టించుకుంటూ విప్పు.

(ఒట్టు గట్టున పెట్టి ఒక్క ముక్క రాస్తున్నానమ్మాయ్. ఇప్పుడు నా చేతిలోంచి కలం లాక్కుంటోంది.)

ఇది నా కుడిచెయ్యి. చదవగలిగితే బయల్దేరు.